రెండు చార్ట్‌లలో ఒకే సెట్టింగ్ పెట్టినా ఆర్‌ఎస్‌ఐ, సూపర్‌ట్రెండ్ ఎందుకు కలవవు? ఎలా కలపాలి?

మధురవాడ నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న ఇది: "నిఫ్టీ గంట చార్ట్‌లో సూపర్‌ట్రెండ్ 10, 3 పెట్టాను, ఆర్‌ఎస్‌ఐ 14 పెట్టాను. బ్రోకర్ యాప్‌లోనూ ట్రేడింగ్‌వ్యూలోనూ ఆర్‌ఎస్‌ఐ 58 చూపిస్తే అమిబ్రోకర్‌లో 61 చూపిస్తోంది. సూపర్‌ట్రెండ్ అయితే ఒకచోట బై, ఇంకోచోట సెల్. సెట్టింగ్ ఎంతకి మారిస్తే మూడూ కలుస్తాయి?"

కొత్తవాళ్ళకి ఒక్క మాట: ఆర్‌ఎస్‌ఐ అంటే ధర జోరుని 0 నుంచి 100 మధ్య చూపే అంకె. సూపర్‌ట్రెండ్ అంటే ధర వెంట నడిచే గీత, ధర దాని పైనుంటే బై, కిందుంటే సెల్. 14, 10 అన్నవి ఎన్ని క్యాండిల్స్ సగటు తీయాలో చెప్పే అంకెలు, 3 అన్నది గీత ఎంత దూరంలో ఉండాలో చెప్పేది. ట్రేడింగ్‌వ్యూ, అమిబ్రోకర్ రెండూ చార్ట్ ప్రోగ్రామ్‌లు.

ముందే చెప్పేస్తాను. ఆ 14ని, 10ని, 3ని ముట్టుకోకండి. తేడా వాటిలో లేదు. గంట క్యాండిల్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోందో మూడు చోట్లా చూడండి. మీరు చెప్పిన అంకెలను బట్టి నా అనుమానం అంతా అక్కడే ఉంది. అది కలిశాక కూడా తేడా ఉంటే వెనక ఎంత డేటా ఉందో చూడాలి, ఆ తర్వాత సగటు లెక్కకట్టే పద్ధతి చూడాలి. ఈ వరస తప్పితే రోజంతా అంకెలు మారుస్తూ కూర్చోవాల్సిందే. ఎక్కడో ఒక రోజు కాకతాళీయంగా కలుస్తుంది, మర్నాడు మళ్ళీ విడిపోతుంది.

నేను విశాఖ ద్వారకానగర్‌లో కూర్చుని ట్రేడర్లకి అమిబ్రోకర్ ఫార్ములాలు రాసిపెడుతుంటాను. వచ్చేవాళ్ళలో సగంమంది ఈ ఫిర్యాదుతోనే వస్తారు. ఉక్కునగరంలో ఉండే ఒక రిటైర్డ్ పెద్దాయన అయితే రెండు స్క్రీన్‌షాట్‌లు ప్రింట్ తీయించుకుని మరీ వచ్చారు. "ఏటి బాబూ, కంప్యూటర్ కూడా అబద్ధమాడతాదేటి?" అన్నారు. కంప్యూటర్ అబద్ధమాడదు, కానీ 14 అనే అంకె పూర్తి సెట్టింగ్ కాదు. చెప్పుల షాపులో 8 సైజు అంటే ఒక కంపెనీ 8కి ఇంకో కంపెనీ 8కి కాలు పట్టనంత తేడా ఉంటుంది కదా, ఇదీ అంతే. ఆయన సంగతి కింద చెప్తాను, అది వేరే రకం.

క్యాండిల్ హద్దులు

ఎన్‌ఎస్‌ఈలో మామూలు ట్రేడింగ్ 9:15కి మొదలై 3:30కి ముగుస్తుంది, అంటే 375 నిమిషాలు. గంట క్యాండిల్‌ని రెండు రకాలుగా కొయ్యొచ్చు. మార్కెట్ మొదలైన దగ్గర్నుంచి కొలిస్తే 9:15–10:15, 10:15–11:15 అలా వెళ్ళి చివర 3:15–3:30 అని 15 నిమిషాల ముక్క మిగులుతుంది. గడియారాన్ని బట్టి కొలిస్తే 9:15–10:00 అని 45 నిమిషాల ముక్కతో మొదలై, 10–11, 11–12 అంటూ నడిచి, 3:00–3:30 అరగంట ముక్కతో ముగుస్తుంది. చిక్కేమిటంటే ఎలా కోసినా రోజుకి ఏడు క్యాండిల్సే వస్తాయి. చార్ట్ చూడ్డానికి ఒకేలా ఉంటుంది, లెక్కపెట్టినా ఏడే, అందుకే ఎవరికీ అనుమానం రాదు. కానీ ఏడింటిలో చివరిది తప్ప ప్రతిదాని క్లోజూ వేరు. క్లోజ్ వేరైతే ఆర్‌ఎస్‌ఐ వేరు. హై, లో వేరైతే ఏటీఆర్ (క్యాండిల్ సగటున ఎంత కదులుతోందో చెప్పే అంకె, సూపర్‌ట్రెండ్ గీత దూరం దీన్ని బట్టే) వేరు, దానితో సూపర్‌ట్రెండూ వేరు.

అరగంట చార్ట్‌లోనూ ఇదే గొడవ. 9:15–9:45 అని కోసినా, 9:15–9:30 అని మొదలుపెట్టి తర్వాత గడియారాన్ని పట్టుకున్నా పదమూడే వస్తాయి. 5 నిమిషాలు, 15 నిమిషాల చార్ట్‌లలో ఈ బాధ ఉండదు, ఎందుకంటే 9:15 రెండు పద్ధతుల్లోనూ హద్దే అవుతుంది. మనవాళ్ళు కొందరు 75 నిమిషాల క్యాండిల్ వాడతారు చూడండి, 375ని సరిగ్గా అయిదు భాగాలు చేస్తుందని. చివర తోకముక్క మిగలదు కాబట్టి నాకూ అది నచ్చుతుంది, కానీ అదీ 9:15 నుంచే కొలుస్తోందో లేదో చూసుకోవాలి.

ట్రేడింగ్‌వ్యూ ఎన్‌ఎస్‌ఈ గంట క్యాండిల్‌ని 9:15 నుంచి కొలుస్తుంది. అమిబ్రోకర్‌లో అది మీరు పెట్టిన ఆప్షన్‌ని బట్టి ఉంటుంది. ప్రిఫరెన్సెస్‌లో ఇంట్రాడే ట్యాబ్‌కి వెళ్తే బార్లను మార్కెట్ సమయానికి అమర్చే ఆప్షన్ కనిపిస్తుంది. దానికి టిక్ పెట్టడమే కాదు, డేటాబేస్ సెట్టింగ్స్‌లో సెషన్ సమయం 9:15 నుంచి 15:30 అని కూడా ఇచ్చి ఉండాలి, లేకపోతే దేనికి అమర్చాలో దానికి తెలియదు. అదే ట్యాబ్‌లో ఇంకొకటుంది: క్యాండిల్ మీద రాసే టైమ్ ఆ క్యాండిల్ మొదలైన టైమా, ముగిసిన టైమా అన్నది. ఒకచోట మొదలు, ఇంకోచోట ముగింపు ఉంటే మీరు పక్కపక్క క్యాండిల్స్‌ని పోల్చి "కలవట్లేదు" అనుకుంటారు. ఎంవీపీ కాలనీ కుర్రాడొకడికి ఇదే జరిగింది. రెండు చార్ట్‌లూ నిజానికి అచ్చుగుద్దినట్టు కలుస్తున్నాయి, ఒక గడి పక్కకి చూస్తున్నాడు అంతే.

కొన్ని డేటా ఫీడ్‌లలో 9:00–9:15 మధ్య ప్రీ ఓపెన్‌లో కుదిరిన ధర 9:07, 9:08 అనే టైమ్‌తో వచ్చి కూర్చుంటుంది. దాన్ని కలుపుకున్న ప్రోగ్రామ్‌లో మొదటి క్యాండిల్ ఒక్కోసారి విడిగా పుడుతుంది. సెషన్ బయటి డేటాని వడకట్టేస్తే సరిపోతుంది.

సగటు పద్ధతి

ఆర్‌ఎస్‌ఐ, ఏటీఆర్, ట్రెండ్ బలం కొలిచే ఏడీఎక్స్ మూడింటినీ వెల్స్ వైల్డర్ 1978లో ఒకే పుస్తకంలో ఇచ్చాడు. ఆయన వాడిన సగటు మామూలు ఈఎంఏ (కొత్త క్యాండిల్స్‌కి ఎక్కువ బరువిచ్చే సగటు) కాదు. 14 పీరియడ్ అంటే కొత్త క్యాండిల్‌కి ఆయన పద్ధతిలో 14లో ఒక వంతు, అంటే దాదాపు 7.1 శాతం బరువు వస్తుంది. అదే 14 ఈఎంఏలో 15లో 2 వంతులు, 13.3 శాతం. దాదాపు రెట్టింపు. ఒకే 14 పెట్టినా ఒకటి నెమ్మదిగా కదులుతుంది, ఇంకోటి చురుగ్గా కదులుతుంది.

ఈ రెండింటి మధ్య లెక్క సులువే. వైల్డర్ పీరియడ్‌ని రెట్టింపు చేసి ఒకటి తీసేస్తే దానికి సమానమైన ఈఎంఏ పీరియడ్ వస్తుంది. వైల్డర్ 14కి ఈఎంఏ 27, 10కి 19, 7కి 13. మీరు వాడే ప్రోగ్రామ్‌లో సూపర్‌ట్రెండ్ లోపలి ఏటీఆర్ ఈఎంఏతో లెక్కకడుతుంటే, అక్కడ 10 బదులు 19 పెడితే ట్రేడింగ్‌వ్యూ 10తో కలుస్తుంది. అంకె మార్చడం పనికొచ్చే సందర్భం ఇదొక్కటే, అదీ పద్ధతి వేరని తేలాక.

వైల్డర్ సగటుకి ఒక్కోచోట ఒక్కో పేరు. ట్రేడింగ్‌వ్యూలో ఆర్‌ఎంఏ, అమిబ్రోకర్‌లో వైల్డర్స్ అనే ఫంక్షన్, మెటాట్రేడర్‌లో స్మూత్డ్ అంటారు. పైథాన్‌లో పాండాస్‌తో రాసేవాళ్ళు ఆల్ఫా 1/14 ఇచ్చి, అడ్జస్ట్ అనేదాన్ని ఫాల్స్ చెయ్యాలి. వదిలేస్తే అది ట్రూగానే ఉంటుంది, మొదట్లో వచ్చే విలువలు వేరుగా ఉంటాయి.

సాదా సగటు అంటే ఎస్‌ఎంఏతో లెక్కకట్టే చోట మాత్రం పూర్తిగా కలపలేరు. మెటాట్రేడర్‌లో వచ్చే ఏటీఆర్ ఇలాంటిదే. అక్కడ కూడా 10 బదులు 19 పెడితే సగటు వెనకబాటు సమానమవుతుంది కాబట్టి గీత దగ్గరికొస్తుంది. కానీ బడ్జెట్ రోజు లాంటి పెద్ద క్యాండిల్ ఒకటి వచ్చిందనుకోండి, ఎస్‌ఎంఏలో అది 19 క్యాండిల్స్ దాకా పూర్తి బరువుతో కూర్చుని ఒక్కసారిగా బయటికి పోతుంది, వైల్డర్‌లో మెల్లగా కరుగుతుంది. నిజంగా కలవాలంటే అక్కడ సొంత ఇండికేటర్ రాసుకోవడమే మార్గం.

మిగతావి గబగబా. ఎంఏసీడీ అంటే రెండు ఈఎంఏల తేడా. 12, 26, 9లో ఆ 9 దాని మీద మళ్ళీ తీసే సగటు, అదే సిగ్నల్ లైన్. ట్రేడింగ్‌వ్యూలో అది ఈఎంఏ, మెటాట్రేడర్‌లో ఎస్‌ఎంఏ. అందుకే ఎంఏసీడీ కలుస్తుంది, అది సిగ్నల్ లైన్‌ని దాటే చోటు (క్రాస్‌ఓవర్) కలవదు. స్టొకాస్టిక్‌లో (ఈమధ్య హై, లోల మధ్య క్లోజ్ ఎక్కడుందో చూపేది) ట్రేడింగ్‌వ్యూ వదిలేస్తే 14, 1, 3, మెటాట్రేడర్ వదిలేస్తే 5, 3, 3, మనవాళ్ళు స్లో అని పిలిచేది 14, 3, 3. ఎక్కడున్నా మూడు అంకెలూ మీరే ఇవ్వండి. ఏడీఎక్స్ మెటాట్రేడర్ 5లో రెండు రకాలుంది, పేరు చివర వైల్డర్ అని ఉన్నదాన్ని తీసుకోండి.

ట్రేడింగ్‌వ్యూ ఆర్‌ఎస్‌ఐలో ఒక మెలిక. ఆర్‌ఎస్‌ఐ గీత మీద పసుపు రంగులో దాని సగటు కూడా వేస్తుంది, పైన పేరు పక్కన రెండు అంకెలు కనిపిస్తాయి. సగటు అంకెని ఆర్‌ఎస్‌ఐ అనుకుని ఇంకో యాప్‌తో పోల్చి కంగారుపడేవాళ్ళు చాలామంది. పసుపు గీత తీసేసి చూడండి.

సగటుకి పైనా కిందా 2 స్టాండర్డ్ డీవియేషన్‌ల దూరంలో గీసే బోలింజర్ బ్యాండ్స్‌ని ఎక్సెల్‌లో వేసేవాళ్ళకి: స్టాండర్డ్ డీవియేషన్‌కి రెండు ఫంక్షన్‌లున్నాయి, పేరు చివర ఎస్ ఉన్నది 19తో భాగిస్తుంది, పి ఉన్నది 20తో భాగిస్తుంది. చార్ట్ ప్రోగ్రామ్‌లు మామూలుగా వాడేది పి రకం. మీరు ఎస్ వాడితే 20 పీరియడ్‌కి బ్యాండ్ 2.6 శాతం వెడల్పుగా వస్తుంది. అనకాపల్లి నుంచి వచ్చే ఒక బెల్లం వ్యాపారి తన షీట్‌లో దీన్ని కలపడానికి 2ని 1.95 చేసుకుని వాడుతున్నారు. అంకె దాదాపు సరిపోయింది కానీ కారణం తెలియలేదు. పీరియడ్ 10కి మార్చిన రోజున అదీ చెడిపోయింది.

వెనక ఎంత డేటా ఉంది

ఈఎంఏ అయినా వైల్డర్ అయినా పాత విలువ ఎప్పటికీ పూర్తిగా పోదు, తగ్గుతూ ఉంటుంది. అందుకే ఒక ప్రోగ్రామ్ 200 క్యాండిల్స్ వెనక నుంచి, ఇంకోటి 2000 వెనక నుంచి మొదలుపెడితే అంకెలు వేరుగా ఉంటాయి. ఎంత వేరు అన్నది పీరియడ్‌ని బట్టి. ఆర్‌ఎస్‌ఐ 14కి వంద క్యాండిల్స్ గడిస్తే మొదటి విలువ బరువు 0.06 శాతానికి పడిపోతుంది, గంట చార్ట్‌లో వంద క్యాండిల్స్ అంటే మూడు వారాల డేటా. కాబట్టి మీ 58కి 61కి మధ్య మూడు పాయింట్ల తేడాని డేటా తక్కువవడం మీద తోసెయ్యలేం, మీ దగ్గర అంతకన్నా ఎక్కువే ఉండి ఉంటుంది. కానీ 200 ఈఎంఏ సంగతి వేరు. మొదలైన దగ్గర్నుంచి 200 క్యాండిల్స్ నడిచినా మొదటి విలువకి ఇంకా 13 శాతం పైన బరువుంటుంది. వెయ్యి దాటితే గానీ నమ్మకంగా పోల్చలేం. మొబైల్ యాప్‌లో చార్ట్‌ని వెనక్కి లాగుతుంటే 200 ఈఎంఏ మారుతోందని ఎవరైనా అంటే కారణం ఇదే.

అమిబ్రోకర్ వాడేవాళ్ళకి మాత్రమే: అది వేగం కోసం తెర మీద కనిపించే బార్లకి కావలసినంత డేటానే తీసుకుంటుంది, దాన్ని క్విక్‌ఏఎఫ్‌ఎల్ అంటారు. లోపల ఉన్న ఫంక్షన్‌లకి ఎంత వెనక్కి వెళ్ళాలో దానికి తెలుసు. కానీ సూపర్‌ట్రెండ్ లాంటివి లూప్‌తో రాస్తాం కదా, అక్కడ దానికి తెలియదు. జూమ్ చేస్తే సిగ్నల్ మారిపోతుంది. కోడ్ మొదట్లో సెట్‌బార్స్‌రిక్వైర్డ్ పెట్టి మొత్తం బార్లు అడిగితే ఆగుతుంది. నెట్‌లో దొరికే సూపర్‌ట్రెండ్ కోడ్‌లు చాలావాటిలో ఆ ఒక్క లైను ఉండదు.

సూపర్‌ట్రెండ్ ఎందుకంత మొండిది

ఆర్‌ఎస్‌ఐ 58 బదులు 58.3 అయితే ఎవరికీ నష్టం లేదు. సూపర్‌ట్రెండ్‌లో అలా కుదరదు. దాని కింది గీత పైకే జరుగుతుంది, ట్రెండ్ ఉన్నంతసేపు కిందికి దిగదు. క్లోజ్ ఆ గీతని దాటితేనే తిరుగుతుంది. మరి ఒక చార్ట్‌లో గీత రెండు పాయింట్లు పైన ఉండి క్లోజ్ దాన్ని తెగ్గొట్టింది, ఇంకో చార్ట్‌లో ఒక్క పాయింట్‌తో తప్పించుకుంది అనుకోండి, అక్కడి నుంచి ఒకటి సెల్, ఇంకోటి బై. మళ్ళీ రెండూ ఒకే వైపు తిరిగేదాకా అలాగే రోజుల తరబడి నడుస్తాయి. అంటే ఈరోజు మీకు కనిపిస్తున్న తేడా ఈరోజు పుట్టింది కాకపోవచ్చు. చార్ట్‌ని వెనక్కి లాక్కుంటూ వెళ్ళి రెండూ మొదట ఎక్కడ విడిపోయాయో ఆ క్యాండిల్ పట్టుకోండి, దాని నాలుగు ధరలు పోల్చండి. ఇప్పటి క్యాండిల్‌ని ఎంత చూసినా ఏమీ తేలదు.

కొన్ని చోట్ల వదిలేస్తే 10, 3 ఉంటుంది, కొన్ని చోట్ల 7, 3. కోడ్‌లలో ఈ క్యాండిల్ గీతతో పోల్చేవి ఉన్నాయి, ముందు క్యాండిల్ గీతతో పోల్చేవి ఉన్నాయి, వాటి మధ్య సిగ్నల్ ఒక క్యాండిల్ అటూఇటూ అవుతుంది.

రోజు చార్ట్‌లో డేటా వేషాలు

ఉక్కునగరం పెద్దాయన సంగతి చెప్తానన్నాను. ఆయన 2023లో వేదాంత షేరు 200 రోజుల సగటుకి పైనుందా కిందుందా అని చూస్తున్నారు, ఒక చార్ట్‌లో పైన, ఇంకో చార్ట్‌లో కింద. సెట్టింగ్‌లన్నీ ఒకటే. ఆ కంపెనీ 2022–23లో అయిదు మధ్యంతర డివిడెండ్‌లు కలిపి షేరుకి 101.50 రూపాయలు ఇచ్చింది, షేరు ధర ఏమో మూడు వందల చుట్టుపక్కల. ఒక ప్రోగ్రామ్ డివిడెండ్‌కి తగ్గట్టు పాత ధరలన్నీ తగ్గించి చూపిస్తోంది, ఇంకోటి ఉన్నవి ఉన్నట్టు చూపిస్తోంది. పాత ధరలు తగ్గితే సగటు కిందికి దిగుతుంది, షేరు దాని పైన కనిపిస్తుంది. ట్రేడింగ్‌వ్యూలో డివిడెండ్ సర్దుబాటుకి ఒక బటన్ ఉంది. పోల్చేటప్పుడు అది ఆపి పోల్చండి. బోనస్, స్ప్లిట్ సర్దుబాటు దాదాపు అందరూ చేస్తారు కాబట్టి ఇబ్బంది తక్కువ, డీమెర్జర్ దగ్గర మళ్ళీ ఎవరి దారి వాళ్ళది. 2023 జూలైలో రిలయన్స్ నుంచి జియో ఫైనాన్షియల్ విడిపోయినప్పటి గ్యాప్ కొన్ని చార్ట్‌లలో ఉంటుంది, కొన్నిటిలో ఉండదు. బ్యాక్‌టెస్ట్ (పాత డేటా మీద పరీక్ష) చేసేవాళ్ళు చూసుకోవాలి.

ఇంకొకటి, ఎన్‌ఎస్‌ఈ ప్రకటించే క్లోజింగ్ ధర చివరి ట్రేడ్ ధర కాదు, చివరి అరగంట ట్రేడ్‌ల వాల్యూమ్ బరువుతో తీసిన సగటు. ఎక్స్ఛేంజ్ ఫైల్ నుంచి కట్టిన రోజు క్యాండిల్‌కి, నిమిషాల డేటా కలిపి కట్టిన రోజు క్యాండిల్‌కి క్లోజ్ వేరుగా ఉంటుంది. ముందురోజు హై, లో, క్లోజ్‌తో లెక్కకట్టే పివట్ పాయింట్‌లు కలవకపోవడానికి ఎక్కువసార్లు ఇదే కారణం. వీడబ్ల్యూఏపీ (వాల్యూమ్ బరువుతో తీసే సగటు ధర) అడిగేవాళ్ళకి, నిఫ్టీ ఇండెక్స్‌కి సొంతంగా ట్రేడింగ్ వాల్యూమ్ ఉండదు, కాబట్టి ఫ్యూచర్స్ చార్ట్ మీద చూసుకోవడం మేలు.

నిమిషం చార్ట్‌లలో పూర్తిగా కలపాలని చూడకండి. రిటైల్ ఫీడ్‌లో ప్రతి ట్రేడూ రాదు, హై లో కొద్దిగా అటూఇటూ ఉంటాయి. వాల్యూమ్ తక్కువున్న షేర్లలో ట్రేడే జరగని నిమిషాలుంటాయి, ఒక ప్రోగ్రామ్ ఆ నిమిషాన్ని ఖాళీగా వదిలేస్తుంది, ఇంకోటి పాత ధరతో నింపుతుంది. అక్కడ 14 క్యాండిల్స్ అంటే రెండు చోట్లా ఒకే 14 నిమిషాలు కాదు. మన ఊరి కంపెనీ అని డ్రెడ్జింగ్ కార్పొరేషన్ షేరుని నిమిషం చార్ట్‌లో చూసేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.

ఎలా పట్టుకోవాలి

నేను చేసే పద్ధతి ఇది. రెండు చార్ట్‌లలోనూ పూర్తయిన ఒక క్యాండిల్ ఎంచుకోండి, నడుస్తున్న క్యాండిల్ వద్దు. ఆ క్యాండిల్ దగ్గర క్లోజ్ మీద 20 ఎస్‌ఎంఏ, హై మీద ఒకటి, లో మీద ఒకటి వెయ్యండి. ఎస్‌ఎంఏకి పద్ధతి తేడా ఉండదు, 20 క్యాండిల్స్ దాటి వెనక్కి చూడదు. కాబట్టి ఎస్‌ఎంఏ కలవలేదంటే తప్పు డేటాలోనో క్యాండిల్ హద్దులోనో ఉన్నట్టే, ఇండికేటర్ జోలికి వెళ్ళక్కర్లేదు. అది కలిశాక 20 ఈఎంఏ వెయ్యండి. అది కలవకపోతే వెనక డేటా చాలట్లేదు. అదీ కలిశాక ఏటీఆర్ చూడండి, కలవకపోతే సగటు పద్ధతి వేరు, పైన చెప్పిన 19, 27 లెక్క అప్పుడు బయటికి తీయండి. ఏటీఆర్ కలిసి సూపర్‌ట్రెండ్ కలవకపోతే కోడ్‌లో పోలిక వేరు, లేదా ఎక్కడో వెనక విడిపోయింది.

ఎంత కలిస్తే కలిసినట్టు? ఆర్‌ఎస్‌ఐలో 0.1 లోపల, ఏటీఆర్‌లో అర శాతం లోపల ఉంటే నేను వదిలేస్తాను. సూపర్‌ట్రెండ్ సిగ్నల్‌తో డబ్బు పెట్టేవాళ్ళు అయితే ఇంత కష్టపడి కలిపినా సరే ఒక్క చార్ట్ మీదే సిగ్నల్ తీసుకోండి, బ్రోకర్ యాప్‌ని ఆర్డర్ పెట్టడానికే వాడండి. బ్యాక్‌టెస్ట్ అమిబ్రోకర్‌లో చేశారంటే సిగ్నల్ కూడా అక్కడిదే, అదే డేటా ఫీడ్‌తో. అమిబ్రోకర్‌లో టెస్ట్ చేసి ఫోన్‌లో సిగ్నల్ చూసి ట్రేడ్ చేస్తే మీరు పరీక్షించింది ఒకటి, ఆడుతున్నది ఇంకొకటి.

మీ విషయంలో అయితే ముందు అమిబ్రోకర్ ఇంట్రాడే ట్యాబ్ చూడండి. అది సరిచేశాక కూడా ఎస్‌ఎంఏ కలవకపోతే, ఏ రోజుదైనా మొదటి గంట క్యాండిల్ ఓపెన్, హై, లో, క్లోజ్ మూడు చోట్లవీ రాసి ఇక్కడే పెట్టండి, కోడ్ కూడా అతికించండి. సాయంత్రం మార్కెట్ అయ్యాక చూసి చెప్తాను.